జీరో టికెట్టు

మేడ్చల్ నుంచి సికింద్రాబాదు వెళ్ళే ఆర్డినరీ బస్సులో ఇప్పుడు ఆడవాళ్ళు డబ్బివ్వక్కర్లేదు. 2023 డిసెంబరు 9 నుంచీ తెలంగాణలో మనకా సదుపాయం వచ్చింది. అయినా కండక్టరు టికెట్టు కొట్టి చేతిలో పెడతాడు. “టికెట్ తీస్కోండ్రమ్మా, టికెట్” అని మగవాళ్ళ కంటే మనల్నే గట్టిగా అడుగుతాడు. “ఊరికే ఎక్కినదానికి మళ్ళీ ఈ కాగితమొకటా, దండగ!” అని విసుక్కునే వాళ్ళున్నారు. దాని పేరే జీరో టికెట్టు.

ఆ కాగితం దండగ కాదు సుమండీ. మనం ఇవ్వని చార్జీని ప్రభుత్వం ఆర్టీసీకి కట్టాలి. ఎంతమంది ఎక్కారు, ఎక్కడినుంచి ఎక్కడికి వెళ్ళారు అన్నదానికి ఆ టికెట్లే సాక్ష్యం. టికెట్టు కొట్టకపోతే మనం సీట్లో కూర్చున్నా కూర్చోనట్టే, బస్సు మనల్ని మోసినా మోయనట్టే. సున్నా వేసిన కాగితానికీ, అసలు కాగితమే లేకపోవడానికీ అంత తేడా వుంది. సున్నా ఒక అంకె. దానికి వరసలో ఒక చోటుంటుంది, సగటు తీసేటప్పుడు దాన్నీ కలుపుకోవాలి. ఖాళీ అంకె కాదు. ఖాళీ అంటే ఎవరూ అడగలేదన్నమాట.

ఇది నా బుర్రకి తట్టిన సంగతి కాదు. అత్వెల్లిలో మా వీధి చివరింటి అమ్మాయి చెప్పింది. ఆ పిల్ల చదువు గురించే ఇదంతా రాస్తున్నాను.

అత్వెల్లి అంటే తెలియనివారి కోసం చెబుతున్నాను. మేడ్చల్ దాటగానే నాగపూర్ రోడ్డు పక్కన వుంటుంది మా వూరు. పల్లె అనాలో, పట్నమనాలో తెలియని స్థితిలో వుంది. మేడ్చల్, షామీర్‌పేట చుట్టుపక్కల ఒకప్పుడు ద్రాక్షతోటలు విస్తారంగా వుండేవి. అనాబ్-ఎ-షాహీ అని లేత ఆకుపచ్చగా, కోలగా వుండే పండు. నీళ్ళు తగ్గాయి, భూముల ధరలు పెరిగాయి, తోటలు పోయాయి. ఎకరాల్లో మాట్లాడుకునే మనుషులు గజాల్లో మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఆ పిల్ల వాళ్ళకీ ఒకప్పుడు కాస్త తోట వుండేదిట. ఇప్పుడు తండ్రి ఒక లారీ ఆఫీసులో గుమాస్తా, తల్లి ఇంట్లోనే, నాయనమ్మ వాకిట్లో. రెండు గేదెలు మాత్రం మిగిలాయి.

అమ్మాయి ఇంటరులో ఎం.ఇ.సి. చదివింది. లెక్కలు, ఎకనామిక్సు, కామర్సు అన్నమాట. ఎం.ఇ.సి. చదివినవాళ్ళు సి.ఎ.కి వెళ్ళాలని లోకం ఎప్పుడో నిర్ణయించేసింది. ఈ పిల్లేమో బి.ఎ.లో ఎకనామిక్సు, మేథమేటిక్సు, స్టాటిస్టిక్సు కలిసిన గ్రూపు కావాలని కూర్చుంది. “బి.ఎ.లో లెక్కలేమిటి, పులిహోరలో పాయసంలాగా!” అన్నాడు వాళ్ళ మేనమామ. ఆయన కొంపల్లిలో వుంటాడు. కంప్యూటర్ సైన్సు తప్ప తక్కినవన్నీ కాలక్షేపపు చదువులని ఆయన నమ్మకం.

నిజానికి ఇందులో అంత వింతేమీ లేదు. పూర్వం మన విశ్వవిద్యాలయాల్లో గణితానికి ఇచ్చేదీ బి.ఎ., ఎం.ఎ. డిగ్రీలే. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ఎకనామిక్సు ఆనర్సు చదవాలంటే పన్నెండో తరగతిలో లెక్కలు తప్పనిసరి. మాకు దగ్గర్లోనే, షామీర్‌పేట వైపు, బిట్స్ పిలానీ వారి హైదరాబాదు కాంపస్ 2008లో వచ్చింది. అక్కడ ఇంటరు తరవాత చేరే ఎం.ఎస్సీ.లో ఎకనామిక్సూ వుంది, గణితమూ వుంది. కానీ దాని ప్రవేశపరీక్షకి కూర్చోవాలంటే ఇంటరులో ఫిజిక్సు, కెమిస్ట్రీ చదివుండాలి. గిరాకీ గీత గియ్యడానికి రసాయనశాస్త్రం ఎందుకో నా మట్టుకి నాకు బోధపడలేదు గాని, నియమం నియమమే. ఉన్నవూళ్ళోంచి కనిపించే చదువుకి ఈ పిల్ల పనికిరాకుండా పోయింది. ఇక మిగిలింది దోస్త్. 2016 నుంచి తెలంగాణలో డిగ్రీ సీట్లు చాలావరకు ఆ పద్ధతిలోనే ఇస్తున్నారు. కాలేజీల పేర్లు వరసగా పెట్టుకోవాలి, సీటెక్కడొస్తే అక్కడికి వెళ్ళాలి.

ఉద్యోగాల మాటంటారా? బ్యాంకులున్నాయి, బీమా కంపెనీలున్నాయి, ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీసని కేంద్రప్రభుత్వపు పరీక్షుంది. తండ్రికి ఆ మాత్రం చాలు. ఆయన ఒప్పుకున్నాడు. ఒప్పుకోనిది నాయనమ్మ. అదీ చదువొద్దని కాదు. ఆవిడ ప్రశ్న వేరు.

“లెక్కలు సదువు, మంచిగనే ఉంటది. గా పైసల శాస్త్రం సదువు, అదీ మంచిదే. రెండూ ఒక్కతాన ఎందుకు బిడ్డా? పైసలు లెక్కబెట్టుడు నేర్పతందుకు మూడేండ్లు కావాల్నా?”

నవ్వొచ్చింది గాని, ఈ ప్రశ్న పెద్దపెద్దవాళ్ళు వేసుకున్నదే. కేంబ్రిడ్జిలో ఆల్ఫ్రెడ్ మార్షల్ అని ఎకనామిక్సుకి పెద్ద దిక్కు. 1865లో అక్కడి గణిత పరీక్షలో రెండో స్థానంలో వచ్చినవాడు. అంతటివాడూ 1906లో ఒక మిత్రుడికి ఉత్తరం రాస్తూ, గణితాన్ని పొట్టి రాతలాగా మాత్రం వాడుకో, తేలిన సంగతిని మామూలు భాషలో చెప్పు, బతుకులోంచి ఉదాహరణలియ్యి, ఆ తరవాత లెక్కల కాగితం తగలబెట్టెయ్యి అని సలహా ఇచ్చాడు. వినడానికి బాగానే వుంటుంది. కాగితం తగలబెట్టేస్తే తప్పెక్కడుందో చూడటం ఎలాగండీ? చెప్పేవాడు మార్షల్ కాబట్టి నమ్మాలా?

నాకు అమర్త్య సేన్ పద్ధతి నచ్చింది. ఆయన కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో బి.ఎ. ఎకనామిక్సు చదివాడు, పక్కన గణితం పెట్టుకుని. మా వీధి పిల్ల కోరే చదువూ ఇంచుమించు అదే. ఆయన 1970లో ఒక పుస్తకం వేశాడు. పదిమంది పది రకాలుగా కోరుకుంటే అందరికీ కలిపి న్యాయమైన నిర్ణయం ఎలా చెయ్యాలన్నది అందులో విషయం. ఒక అధ్యాయం మామూలు మాటల్లో వుంటుంది, తరవాతి అధ్యాయంలో అదే సంగతి గణితంలో వుంటుంది. గణితమున్న అధ్యాయాలకి నక్షత్రం గుర్తు. ఇష్టమున్నవాళ్ళు చదువుతారు, లేనివాళ్ళు దాటేసి వెళతారు. కానీ కాగితం అక్కడే వుంది, ఎవరైనా సరిచూసుకోవచ్చు.

సరే, ఇదంతా కేంబ్రిడ్జి, కలకత్తా గొడవ. నాయనమ్మకి జవాబు కాదు. జవాబు వాళ్ళ వంటింట్లోంచే వచ్చింది.

దేశాదాయం లెక్కకట్టే పద్ధతుల్లో ఒక పాత పరిహాసముంది. పిగూ అనే ఇంగ్లీషు ఆర్థికవేత్త నూరేళ్ళ కిందట చెప్పిందే. ఒకాయన జీతమిచ్చి పెట్టుకున్న ఇంటిమనిషిని పెళ్ళి చేసుకున్నాడనుకోండి. ఆవిడ నిన్న చేసిన వంటే ఇవాళా చేస్తుంది. కానీ జీతం ఆగింది కాబట్టి దేశాదాయం ఆ మేరకి తగ్గిపోతుంది! అమెరికా దేశాదాయాన్ని 1934లో లెక్కకట్టిన సైమన్ కుజ్నెట్స్ కూడా గృహిణుల పనిని బయటే వుంచాడు. కొలవడానికి ఆధారాలు చాలవని ఆయన కారణం. ఆధారాలెందుకు లేవు? ఎవరూ టికెట్టు కొట్టలేదు కనక.

మనదేశంలో ఆ టికెట్టు ఆలస్యంగా కొట్టారు. 2019లో జాతీయ గణాంక కార్యాలయంవాళ్ళు దేశమంతటా, ఎవరు రోజులో ఏ పనికి ఎంతసేపు వెచ్చిస్తున్నారో ఇంటింటికీ వెళ్ళి అడిగారు. జీతం లేని ఇంటిపనికి ఆడవాళ్ళు రోజుకి 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు అని తేలింది. 2024లో మళ్ళీ అడిగితే 289, 88 అని వచ్చింది.

ఆ పిల్ల ఈ అంకెలు చదివి వినిపిస్తే వాళ్ళమ్మ చేతిలో గరిటె ఆపి, “మగవాళ్ళు గంటన్నర చేస్తున్నరా? ఎవరింట్ల?” అంది.

ఎకనామిక్సు ఒక్కటే చదివితే ఇక్కడ ఉపన్యాసం మొదలవుతుంది. లెక్కలు కూడా తెలిసిన పిల్ల కనక కేలెండరు కాగితం వెనక్కి తిప్పి పెన్సిలు తీసింది. 97 అబద్ధం కాదు. కానీ అది మగవాళ్ళందరి సగటు కాదు, ఆ రోజు ఇంటిపని కొంతైనా చేసిన మగవాళ్ళ సగటు. 2019 సర్వేలో అలాంటివాళ్ళు నూటికి 26 మంది. చీపురు ముట్టని తక్కిన 74 మందిని ఖాళీగా వదిలేస్తే 97 వస్తుంది. వాళ్ళకి తలకొక సున్నా వేసి కలుపుకుంటే మగవాళ్ళ సగటు 25 నిమిషాలకి దిగుతుంది. ఆడవాళ్ళలో నూటికి 81 మంది చేస్తున్నారు కాబట్టి ఇదే పద్ధతిన 299 కాస్తా 243 అవుతుంది, అంతే. ఇప్పుడు పోల్చి చూడండి. మొదటి లెక్కలో ఆడవాళ్ళది మగవాళ్ళకి మూడురెట్లు. రెండో లెక్కలో దాదాపు పదిరెట్లు.

ఈ 25, 243 ఆ అమ్మాయి కనిపెట్టినవేమీ కాదు, ప్రభుత్వం నివేదికలోనే వున్నాయి. చూసేవాళ్ళుంటే కనిపిస్తాయి. జీరో టికెట్టు మాట వచ్చింది అప్పుడే. “చూసినవా పెద్దమ్మా, అమ్మ చేసిన పని దేశం లెక్కల ఖాళీ. మామ చెయ్యని పని సర్వే లెక్కల ఖాళీ. రెండు తాన్ల అంకె రాయవలసిందే, రాయలేదు” అంది. మేనమామ అక్కడే వున్నాడు. టీ తాగుతున్నాడు. ఆ గ్లాసు ఎవరు కడిగారో నేను చూడలేదు.

ఇంతవరకూ సులువే. పని గంటలు లెక్కపెట్టడం ఒక ఎత్తు, దానికి ఖరీదు కట్టడం ఒక ఎత్తు. ప్రేమతో చేసే పనికి ఖరీదు కట్టవచ్చునా అన్నది అసలు చిక్కు. మనం కట్టక్కర్లేదు అనుకున్నా, ఒకచోట ప్రతిరోజూ కడుతూనే వున్నారు. కోర్టుల్లో.

ఒక గృహిణి రోడ్డు ప్రమాదంలో పోతే ఆ కుటుంబానికి నష్టపరిహారం ఎంతివ్వాలి? జీతమున్న మనిషయితే జీతం చూస్తారు. ఈవిడకి జీతం లేదే! మోటారు వాహనాల చట్టానికి 1994లో చేర్చిన పట్టికలో ఒక సూత్రం వుండేది. సంపాదన లేని భార్య పోతే భర్త సంపాదనలో మూడోవంతు ఆవిడ సంపాదన అనుకోవాలి. కూలిపని చేసే భర్తకి నెలకి 9,000 వస్తే ఆ ఇల్లాలు 3,000 మనిషి. ఆఫీసరుకి 60,000 వస్తే ఆవిడ 20,000 మనిషి. ఇద్దరూ వండింది ఒకటే పప్పు. కట్టెల పొయ్యి మీద వండినావిడకే శ్రమ ఎక్కువేమో కూడా. భాగహారంలో ఎక్కడా తప్పులేదు. ఏ పరీక్షలోనైనా పూర్తి మార్కులొస్తాయి. అన్యాయం సూత్రంలో వుంది, లెక్కలో లేదు.

ఆ తరవాత ఇంకో మెట్టుంది. ఏడాది ఆదాయాన్ని ఒక గుణకంతో హెచ్చవేస్తారు. 2009లో సుప్రీంకోర్టు వయసులవారీగా ఆ గుణకాలు స్థిరపరచింది. పాతికేళ్ళ లోపు 18, ముప్ఫై ఆరు నుంచి నలభై మధ్య 15, అరవై దాటితే 7, అలా తగ్గుతూ పోతాయి. ముప్ఫై ఎనిమిదేళ్ళ మనిషి ఇంకో ముప్ఫై ఏళ్ళు పనిచేసేదే కదా, 15తోనే హెచ్చవేయడం అన్యాయం కాదా అనిపిస్తుంది. నాకూ అనిపించింది. అమ్మాయి వివరించింది. నెలకి 6,000 అనుకుంటే ఏడాదికి 72,000. పదిహేనురెట్లు అంటే 10,80,000. ఆవిడ సొంత ఖర్చుకని కొంత తీసేస్తారు, ఆ మాట అలా వుంచండి. ఈ మొత్తం ఒక్కసారే చేతికొస్తుంది. నూటికి ఆరున్నరా ఏడూ మధ్య వడ్డీ వస్తే చాలు, అసలు ముట్టకుండానే ఏటా 72,000 వస్తూనే వుంటుంది. అంచేత 15 చిన్న అంకె కాదు. ఇక్కడ గణితం న్యాయం పక్షానే వుంది. మనం పొరబడి అన్యాయమనుకున్నాం. చూశారా, మొదటి మెట్టులో ఎకనామిక్సు ప్రశ్నించకపోతే మోసపోతాం, రెండో మెట్టులో లెక్కలు రాకపోతే ఊరికే ఏడుస్తాం. రెండూ ఒక్కతాన ఎందుకన్న నాయనమ్మ ప్రశ్నకి నాకు తోచినంతలో జవాబిదే.

2021 జనవరిలో ఇలాంటి కేసొకటి సుప్రీంకోర్టుకి వచ్చినప్పుడు జస్టిస్ ఎన్.వి. రమణ గృహిణుల పని గురించి విడిగా ఒక తీర్పు రాశారు. కృష్ణా జిల్లా పొన్నవరంలో పుట్టిన మన తెలుగాయనే. ఇంటిపనే మా ముఖ్యమైన పని అని 2011 జనాభా లెక్కల్లో చెప్పుకున్న ఆడవాళ్ళు దాదాపు 16 కోట్లమందనీ, మగవాళ్ళు 58 లక్షల లోపేననీ ఆయన ఎత్తి చూపారు. పైన చెప్పిన 2019 సర్వే అంకెల్నీ తీసుకున్నారు. ఇంటిపనికి విలువ కట్టడానికి మూడు దారులున్నాయని వివరించారు. ఆవిడ ఇంట్లో వుండకుండా బయట పనిచేస్తే ఎంత వచ్చేదో చూడటం ఒకటి. సంసారంలో సగం ఆవిడది కాబట్టి భర్త ఆదాయంలో సగం అనుకోవడం ఇంకొకటి. ఆవిడ చేసే పనులకి వంటమనిషిని, ఆయాని, రోగిని చూసే నర్సుని పెట్టుకుంటే ఎంతవుతుందో కట్టడం మూడోది.

అమ్మాయి మూడు దారుల్లోనూ వాళ్ళమ్మకి లెక్క వేసింది. అంకెలు ఇక్కడ రాయను, అది వాళ్ళింటి సంగతి. మూడూ మూడు రకాలుగా వచ్చాయని మాత్రం చెబుతాను. మొదటి దారిలో, ఏడో తరగతి చదివినావిడ చేతి అన్నం ఎం.ఎ. చదివినావిడ చేతి అన్నం కంటే చవకయిపోతుంది. రెండో దారిలో మళ్ళీ మొగుడి జీతమే మన ఖరీదు. నాకు మూడోదే కాస్త న్యాయంగా తోచింది, ఎంచేతంటే అది చేసిన పనిని చూస్తుంది గాని చేసినావిడ డిగ్రీని, మొగుడి హోదాని చూడదు. దాంట్లోనూ చిక్కుంది. చంకలో పిల్లాడు, పొయ్యిమీద పాలు, చెవి గేటుకేసి. ఇది ఒక గంటా, మూడు గంటలా? వంటమనిషికీ ఆయాకీ ఇద్దరికీ జీతమియ్యాలా?

మూడింట్లో ఏది ఎంచుకోవాలో గణితం చెప్పదు. మనిషి చెప్పుకోవాలి. ఎంచుకున్నాక దాని ఫలితం ఎక్కడిదాకా పోతుందో మాత్రం గణితం మొహమాటం లేకుండా చెబుతుంది.

నాయనమ్మ ఇదంతా విని ఒక్కమాట అంది. “పానం బోయినంక ఖరీదు గట్టిండ్రు. ఉన్నప్పుడు గడితే ఏమైతదో సెప్పు.”

నేను ఆవిడ్నే అడిగాను, కడితే ఏమవుతుందనుకుంటున్నారని.

“కూలి అయితది. నా కొడుకు తిన్న బువ్వకు నేను కూలి దీసుకుంటనా?”

ఈ మాటని తేలిగ్గా కొట్టిపారెయ్యడానికి లేదు. మనలో చాలామందికి కడుపులో వున్న మాటే ఇది. ఖరీదు కట్టగానే వస్తువుకి బేరం మొదలవుతుంది. గజం లెక్కన అమ్మిన తోటలో మళ్ళీ ద్రాక్షగుత్తి కనిపించదు. ప్రేమకి అంకె వేస్తే అది అంకెకి తగినంతకి కుంచించుకుపోతుందన్న భయం అబద్ధం కాదు. తమిళనాడులో 2023 సెప్టెంబరు నుంచి కుటుంబాన్ని నడిపే ఆడవాళ్ళకి నెలకి 1,000 రూపాయలు, వాళ్ళ హక్కు అనే పేరుతోనే ఇస్తున్నారు. మంచిదే. కానీ రేపెవరైనా “వెయ్యి పుచ్చుకుంటున్నావుగా, ఇంకేమిటి?” అన్నారంటే?

అయితే మన భాషలోనే ఒక తమాషా వుంది. మన ఆడవాళ్ళు పుట్టింటికొచ్చి చెప్పుకునే బాధేమిటి? “ఆయన నాకు జీతమివ్వడం లేదు” అని ఒక్కరూ అనరు. “ఆ ఇంట్లో నన్ను లెక్కచెయ్యరమ్మా” అంటారు. లెక్కచెయ్యడమంటే తెలుగులో గౌరవించడం. లెక్కలేనితనమంటే అగౌరవం. అదే నోటితో, ప్రతిదానికీ లెక్కలు చూసే మనిషిని కఠినాత్ముడంటాం. ఒకే మాటలో ఆ రెండూ ఎలా ఇమిడాయో! లెక్కలోకి రావాలి, లెక్క కట్టకూడదు. ఇది మన కోరిక. కుదురుతుందా?

ఒక్కచోట కుదిరినట్టు నాకు కనిపించింది. కల్యంపూడి రాధాకృష్ణారావు గారు, సి.ఆర్.రావు అంటే గణాంకశాస్త్రంలో లోకమంతా ఎరిగిన పేరు. 1920లో, ఇప్పటి కర్ణాటకలోని హడగళిలో, తెలుగు కుటుంబంలో ఎనిమిదో సంతానంగా పుట్టారు. అష్టమగర్భం కనక కృష్ణుడి పేరు పెట్టారు. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నం, ఇలా తండ్రి బదిలీలవెంట చదువు సాగింది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం ఎం.ఎ. చదివి, ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళ్ళి గణాంకశాస్త్రంలో పడ్డారు. ఈయన సూత్రాలు ఎకనామిక్సులోనూ నిత్యం వాడతారు. 2023లో, నూటరెండేళ్ళ వయసులో, అంతర్జాతీయ గణాంక బహుమతి అందుకుని అదే ఏడాది కన్నుమూశారు. గచ్చిబౌలిలో హైదరాబాదు విశ్వవిద్యాలయం ఆవరణలో ఆయన పేర ఒక పరిశోధనా సంస్థ వుంది.

ఆయన రాసిన ఒక పుస్తకాన్ని తల్లి లక్ష్మీకాంతమ్మగారికి అంకితమిచ్చారు. చిన్నప్పుడు రోజూ తెల్లవారుజామున నాలుగింటికి తనని లేపి, నూనెదీపం వెలిగించి చదువుకి కూర్చోబెట్టినందుకు. జీవితమంతా అంకెలతో గడిపిన మనిషి ఆ దీపానికి విలువ కట్టలేదు. కానీ గమనించండి, సమయం రాశారు. ‘మా అమ్మ నాకోసం ఎంతో శ్రమపడింది’ అని ఊరుకోలేదు. నాలుగింటికి అని రాశారు, దీపమని రాశారు. ఖరీదు వెయ్యకుండా నమోదు చేశారు. పదిమంది పిల్లల తల్లి నాలుగింటికి లేచిందంటే ఎన్నింటికి పడుకునేదో ఆ పుస్తకంలో లేదు గాని, చదివిన ప్రతి ఇల్లాలూ ఆ లెక్క తనంతట తనే వేసుకుంటుంది.

అమ్మాయికి రెండో విడతలో సీటొచ్చింది. సిటీలో, రెండు బస్సులు మారాలి. పొద్దున్నే జీరో టికెట్టుతో వెళుతుంది, సాయంత్రం జీరో టికెట్టుతో వస్తుంది. సర్వేవాళ్ళు మనుషుల్ని ఎలా ప్రశ్నిస్తారో నేర్చుకోవాలని ఈమధ్య వాళ్ళ నాయనమ్మతోనే మొదలుపెట్టింది. ఆ సర్వే పద్ధతేమిటంటే రోజుని అరగంటలుగా విడగొట్టి, ముందురోజు తెల్లవారుజామున నాలుగింటి నుంచి మర్నాడు నాలుగింటి దాకా ఏ అరగంటలో ఏం చేశారో వరసగా అడుగుతారు.

“నాలుగు గంటలకాన్నుంచా?” అంది నాయనమ్మ. “సర్కారు దినం నాలుగింటికే మొదలైతదా? గా ముచ్చట ఎవరో ఆడమనిషే సెప్పుంటది వాండ్లకు.”

తరవాత వరసగా చెప్పింది. గేదెలకి గడ్డి, పాలు పిండటం, వాకిలి ఊడవటం. అమ్మాయి రాసుకుంటోంది. పదకొండు దగ్గర ఆగింది. ఆ అరగంటలో ముసలావిడ ఏ పనీ చెయ్యలేదు. మొగుడు పోయి నెల్లాళ్ళయిన పక్కింటావిడ గడపలో ఊరికే కూర్చుంది. మాట్లాడనైనా లేదట. పనుల జాబితాలో ఆతిథ్యం వుంది, రోగిని చూసుకోవడం వుంది, విశ్రాంతి వుంది. దీన్ని ఎందులో వెయ్యాలో తేలక అమ్మాయి నన్నడిగింది. విశ్రాంతిలో వేసెయ్యమన్నాను, కూర్చోవడమే కదా అని. ముసలావిడ ఒప్పుకోలేదు.

“ఆరామంటవా? ఆనాటి కూసునుడంత కష్టం నేను గడ్డిమోపు మోసినప్పుడు గూడ వడలే” అంది.